జీఐఎస్ మ్యాపును 3డి జియాలజీ మోడల్‌లోకి తెచ్చుకోవడం ఎలా: పులివెందుల షీటుతో మొదటినుంచి చివరిదాకా

షేప్‌ఫైలు, అంటే జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపులు చేసే పద్ధతి) వాడే మ్యాపు ఫైలు, తెచ్చి మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో పడేస్తే మోడల్ దానంతట అదే తయారవుతుందని మొదట్లో చాలామంది అనుకుంటారు. కానీ తెర మీద కనిపించేది సముద్రమట్టం దగ్గర బల్లపరుపుగా పరుచుకున్న రంగుల బొమ్మ ఒకటే, దాని కింద ఏమీ ఉండదు. మ్యాపు భూమి పైన ఏ రాయి ఎక్కడుందో చెబుతుంది, మోడల్‌కేమో ఆ రాయి ఎటు వాలి ఎంత లోతుకు వెళ్తుందో కావాలి. ఈ రెండింటి మధ్య ఉన్న పని నూటికి ఎనభై వంతులు క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లోనే జరుగుతుంది, 3డి సాఫ్ట్‌వేర్ తెరవకముందే. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ఉదాహరణకు కడప బేసిన్ (పాతకాలంలో రాతి పొరలు పేరుకున్న పల్లం) నైరుతి అంచు తీసుకుందాం, పులివెందుల ఉన్న 57జె/3 టోపోషీటు, అంటే ఆ నంబరుతో ఉన్న ప్రభుత్వ సర్వే మ్యాపు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు మన దగ్గర అరుదు. అడుగున పాత గ్రానైట్, దాని మీద గుల్చేరు క్వార్ట్‌జైట్, ఆపైన వేంపల్లె డోలమైట్, తర్వాత పులివెందుల క్వార్ట్‌జైట్, దాని మీద తాడిపత్రి షేల్. పుస్తకాలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి, అన్నీ ఈశాన్యానికి మెల్లగా వాలి ఉంటాయి. తుమ్మలపల్లె యురేనియం ఉన్నది ఈ వేంపల్లె డోలమైట్లోనే. అదే బేసిన్‌లో తూర్పున నల్లమల వైపు వెళ్తే పొరలు మడతలు పడి, ఒకదాని మీదకు ఒకటి నెట్టుకొచ్చి ఉంటాయి. మొదటి మోడల్‌కు అటు మాత్రం వెళ్ళకండి.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇక్కడ 'పొర' అంటే రాతి పొర, 'లేయర్' అంటే జీఐఎస్ లేయర్. రెండూ కలిపేస్తే తికమకే.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ భూకోశ్ పోర్టల్‌లో ఉచితంగా రిజిస్టర్ అయితే 1:50,000 స్కేలు జియాలజీ మ్యాపులు షేప్‌ఫైళ్ళుగా దొరుకుతాయి. రాతి రకాలు పాలిగాన్‌లుగా, ఫాల్టులు (రాయి విరిగి జరిగిన చోట్లు) లైన్లుగా, డిప్-స్ట్రైక్ కొలతలు (పొర ఎంత వాలింది, దాని అడ్డగీత ఏ దిక్కుకుంది) పాయింట్లుగా వేర్వేరు లేయర్లలో ఉంటాయి. మూడూ దించుకోండి. దించుకున్నాక ఒక్కో షేప్‌ఫైలుకు కనీసం నాలుగు ఫైళ్ళున్నాయా చూడండి: షేప్, ఇండెక్స్, డీబీఎఫ్, ప్రొజెక్షన్. ఎవరైనా మెయిల్లో షేప్ ఒక్కటే పంపితే అది పనికిరాదు. ప్రొజెక్షన్ ఫైలు లేకపోతే సాఫ్ట్‌వేర్ ఊహించుకుని ఏదో ఒకచోట పెట్టేస్తుంది, ఆ ఊహను నమ్మి ముందుకు పోవద్దు.

నేలఎత్తు కోసం ఒక డీఈఎం, అంటే గడిగడికీ ఎత్తు అంకె ఉన్న రాస్టర్ ఫైలు, కావాలి. కోపర్నికస్ 30 మీటర్లది గానీ, ఎస్ఆర్‌టీఎం గానీ, హైదరాబాద్ ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ళ భువన్‌లో దొరికే కార్టోడెమ్ గానీ తీసుకోవచ్చు.

అన్నీ ఒక జియోప్యాకేజీలోకి (లేయర్లన్నీ ఒకే ఫైల్లో ఉంచే ఫార్మాట్) మార్చి పెట్టుకోండి. షేప్‌ఫైల్లో కాలమ్ పేరు 10 అక్షరాలు దాటితే కత్తిరించేస్తుంది, తర్వాత ఏ కాలమ్ ఏదో గుర్తుండదు.

కోఆర్డినేట్లు: 78వ రేఖాంశం దగ్గర జాగ్రత్త

చాలా 3డి సాఫ్ట్‌వేర్లకు ప్రొజెక్షన్ గురించి పెద్దగా పట్టింపు ఉండదు. ఎక్స్, వై, జెడ్ అనే మూడు అంకెలు, అన్నీ మీటర్లలో, అంతే. డిగ్రీల్లో ఉన్న డేటా ఇస్తే 27 కిలోమీటర్ల షీటు పావు 'మీటరు' ముక్కైపోయి, దాని మీద వందల మీటర్ల ఎత్తున సూదుల్లాంటి కొండలు లేస్తాయి. కాబట్టి మొదట అన్నిటినీ యూటీఎమ్‌లోకి (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి) మార్చాలి.

మన దగ్గరొక తిరకాసు ఉంది. యూటీఎం 43, 44 జోన్ల సరిహద్దు సరిగ్గా 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. అనంతపురం 43లో పడుతుంది, పులివెందుల, కడప, హైదరాబాద్ 44లో పడతాయి. కడప బేసిన్ పడమటి అంచు మీద పనిచేసేవాళ్ళు ఈ గీతను అటూ ఇటూ దాటుతూనే ఉంటారు. మన షీటు 78తోనే మొదలవుతుంది కాబట్టి 44 ఉత్తరం, అంటే ఈపీఎస్‌జీ కోడ్ (కోఆర్డినేట్ పద్ధతికిచ్చే నంబరు) 32644. ప్రాజెక్టు గీతకు రెండు వైపులా ఉంటే ఏదో ఒక జోన్ ఎంచుకుని మొత్తం అందులోనే ఉంచండి, సగం ఇందులో సగం అందులో పెట్టకండి.

సరిగ్గా మారిందో లేదో తెలుసుకోవడానికి నేను అంకెలనే చూస్తాను. పులివెందుల పట్టణం 44లో సరిగ్గా కూర్చుంటే ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత, ఎక్స్) సుమారు 2 లక్షలు, నార్తింగ్ (ఉత్తరం వైపు కొలత, వై) సుమారు 15 లక్షల 95 వేలు వస్తుంది. ఈస్టింగ్ 8 లక్షల 48 వేల చిల్లర కనిపిస్తే అది 43లో ఉన్నట్టే. ఈ రెండు అంకెలు ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకుంటే ఆ తర్వాత ప్రతి దిగుమతిలోనూ పనికొస్తాయి.

రీప్రొజెక్ట్ లేయర్ టూల్‌తో మార్చాలి తప్ప లేయర్ ప్రాపర్టీస్‌లో సీఆర్ఎస్ (కోఆర్డినేట్ పద్ధతి) పేరు మార్చకూడదు. మొదటిది అంకెలను నిజంగా మారుస్తుంది, రెండోది చీటీ మాత్రమే మారుస్తుంది. దిగుమతి పాడైందని నన్ను అడిగినవాళ్ళలో ఎక్కువమంది చేసిన పొరపాటు ఇదే.

పాత టోపోషీటు స్కాన్ చేసి మీరే డిజిటైజ్ చేసి ఉంటే ఇంకో సంగతి. అవి ఎవరెస్ట్ డేటమ్ (కోఆర్డినేట్లు లెక్కించే ఆధారం) మీద ఉంటాయి, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 మీద కాదు. ఆ తేడా పట్టించుకోకపోతే ఈ ప్రాంతంలో గీతలన్నీ వంద మీటర్లకు పైనే పక్కకు జరుగుతాయి. జియోరెఫరెన్స్ చేసేటప్పుడే (స్కాన్‌ను అసలు కోఆర్డినేట్లకు అతికించేటప్పుడే) కల్యాణ్‌పూర్ 1975 ఎంచుకుని, తర్వాత మార్చండి. వాగులు, రోడ్లు శాటిలైట్ చిత్రం మీద సరిగ్గా పడుతున్నాయా చూస్తే తెలిసిపోతుంది.

ఎత్తులో దాక్కునే 80 మీటర్లు

దీన్ని విడిగా చెప్పాల్సిందే, ఎందుకంటే ఇది మ్యాపులో కనపడదు. ఎత్తు రెండు రకాలుగా చెబుతారు, సముద్రమట్టం నుంచి ఒకటి, ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి లెక్కకట్టిన నున్నటి గోళం లాంటి ఉపరితలం) నుంచి ఒకటి. దక్షిణ భారతంలో ఈ రెండింటి మధ్య తేడా ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి, హైదరాబాద్, కడప వైపు 70 నుంచి 90 మీటర్ల దాకా ఉంటుంది. ఎస్ఆర్‌టీఎం, కోపర్నికస్ ఎత్తులు సముద్రమట్టం లెక్కలో ఉంటాయి. డిఫరెన్షియల్ జీపీఎస్‌తో తీసిన బోరుబావుల ఎత్తులు చాలాసార్లు ఎలిప్సాయిడ్ లెక్కలో వస్తాయి.

నాకొకసారి ఇలాగే ఒక చోటినుంచి బోర్‌హోల్ పట్టిక వచ్చింది. మోడల్లో పెడితే బోర్ల తలలన్నీ నేలకు 80 మీటర్ల కింద ఉన్నాయి, అన్నీ ఒకే లోతులో. ముందు డీఈఎం తప్పనుకుని రెండు రోజులు దాని వెంటే తిరిగాను. తప్పు ఒక్కో చోట ఒక్కోలా ఉంటే కొలత దోషం, అన్నిచోట్లా ఒకేలా ఉంటే రిఫరెన్స్ దోషం అని అప్పుడే బుర్రకెక్కింది. మీ డీఈఎం ఏ లెక్కలో ఉందో దాని మెటాడేటాలో చూసి, మిగతా ఎత్తులన్నీ అదే లెక్కలోకి తెచ్చాకే ముందుకెళ్ళండి.

పేర్లు శుభ్రం చేయడం

57జె/3కి తూర్పున 57జె/7 ఉంటుంది. తుమ్మలపల్లె సరిగ్గా ఆ అంచు దగ్గరే ఉంది కాబట్టి రెండు షీట్లూ కలపక తప్పదు. కలిపాక ఫార్మేషన్ (రాతి పొర పేరు) కాలమ్‌లో ఎన్ని వేర్వేరు పేర్లున్నాయో లిస్ట్ యూనిక్ వాల్యూస్‌తో తీయండి. వేంపల్లె, వేంపల్లి, చివర ఖాళీ స్పేస్ ఉన్న వేంపల్లె: మనకు మూడూ ఒకటే, సాఫ్ట్‌వేర్‌కు మూడు వేర్వేరు రాళ్ళు. పులివెందులదీ అదే పరిస్థితి. (గుల్చేరు అన్నది కూడా గువ్వలచెరువు పేరే, కడప నుంచి రాయచోటి వెళ్ళే ఘాట్ దగ్గర ఉండే ఊరు. ఇంగ్లిషు స్పెల్లింగుల్లో నలిగి అలా మిగిలింది.) కొత్త కాలమ్ ఒకటి పెట్టి, అందులో స్పేస్‌లు లేని చిన్న పేర్లు రాసుకోండి. పాత కాలమ్ తీసేయవద్దు.

తర్వాత ఫిక్స్ జామెట్రీస్ ఒకసారి నడపండి, షీట్ల అంచుల దగ్గర సందులుంటే స్నాప్ చేయండి (అంచులు అతికించండి). తర్వాత ఫార్మేషన్ పేరు మీద డిసాల్వ్ చేయండి, అంటే ఒకే పేరున్న ముక్కలు కలిపేయండి.

పాలిగాన్ అంచు అంతా కాంటాక్ట్ కాదు

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా. మోడలింగ్‌కు పాలిగాన్ అక్కర్లేదు, రెండు పొరలు కలిసే గీత, అంటే కాంటాక్ట్, కావాలి. ఒక వేంపల్లె పాలిగాన్ చుట్టూ వేలు పెట్టి తిరిగి చూడండి. దక్షిణాన గుల్చేరుతో కలిసే అంచు నిజమైన కాంటాక్ట్. ఉత్తరాన పులివెందుల క్వార్ట్‌జైట్‌తో కలిసేదీ అంతే. మధ్యలో వాగు ఒండ్రు కప్పేసిన చోట ఉన్న అంచు మాత్రం పొర అంతమైన చోటు కాదు, మనకు కనపడకుండా పోయిన చోటు. ఫాల్టు వెంబడి ఉన్న అంచు ఇంకోరకం. షీటు చివర నిలువుగా ఉన్న గీతకైతే రాయితో సంబంధమే లేదు, అది కాగితం అంచు.

పాలిగాన్స్ టు లైన్స్ నొక్కి వచ్చిందంతా దిగుమతి చేస్తే సాఫ్ట్‌వేర్ ఈ నాలుగింటినీ ఒకేలా నమ్మేస్తుంది. ఒండ్రు అంచు వెంబడి వేంపల్లె అడుగుభాగం పైకి లేస్తుంది, షీటు అంచు దగ్గర గోడ కడుతుంది. ఒకటి రెండు షీట్ల పనైతే నేను ఆటోమేటిక్ పద్ధతి వాడను. కొత్త లైన్ లేయర్ తెరిచి, స్నాపింగ్, ట్రేసింగ్ ఆన్ చేసి, నిజమైన కాంటాక్టులను చేత్తోనే గీస్తాను. ఒక పూట పడుతుంది. ఆ పూట గడిచేసరికి ఏ పొర ఎక్కడ ఎందుకు ఉందో మీకు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది, అది ఏ టూలూ ఇవ్వలేనిది.

ప్రతి గీతకూ ఒక పేరివ్వాలి. జెమ్‌పై అనే 3డి మోడలింగ్ సాఫ్ట్‌వేర్ వాడితే నియమం ఇది: గీత పేరు దాని పైనున్న పొర పేరు, ఎందుకంటే అక్కడ ప్రతి పాయింటూ ఒక పొర అడుగుభాగాన్ని చెబుతుంది. గ్రానైట్, గుల్చేరు కలిసే గీత 'గుల్చేరు'. గుల్చేరు, వేంపల్లె కలిసేది 'వేంపల్లె'. అలా 'తాడిపత్రి' దాకా నాలుగు గీతలు. గ్రానైట్‌కు విడిగా గీత ఉండదు, మిగిలినదంతా బేస్‌మెంటే (అడుగు రాయే). తలకిందులుగా పేరు పెడితే మోడల్ ఎర్రర్ చూపించదు, ఒక పొర పక్కకు జరిగిన మోడల్ చక్కగా తయారై కూర్చుంటుంది. కనిపెట్టడం చాలా కష్టం.

తాడిపత్రి షేల్లోకి చొచ్చుకొచ్చిన సిల్లులు (పొరల మధ్య దూరి గడ్డకట్టిన అగ్నిశిలలు) మ్యాపులో ఉంటాయి. మొదటి మోడల్‌కు వాటిని చుట్టూ ఉన్న షేల్లో కలిపేయండి. ఫాల్టుల్లోనూ పొరలను నిజంగా జరిపినవి మాత్రమే ఉంచుకోండి.

గీతల నుంచి పాయింట్లు, పాయింట్లకు ఎత్తు

పాయింట్స్ అలాంగ్ జామెట్రీతో గీత వెంబడి పాయింట్లు పెట్టండి. దూరం ఎంత? 1:50,000 మ్యాపులో అర మిల్లీమీటరు గీత మందమే నేల మీద 25 మీటర్లు. అలాంటప్పుడు 20 మీటర్లకో పాయింటు పెడితే పెన్సిల్ వణుకును మోడల్ చేసినట్టు అవుతుంది. పైగా కోక్రిగింగ్ లెక్కలో (జెమ్‌పై పాయింట్ల మధ్య ఉపరితలాన్ని ఊహించే పద్ధతి) పాయింట్లు పెరిగేకొద్దీ కంప్యూటర్ మీద భారం విపరీతంగా పెరుగుతుంది. నేను 500 మీటర్లతో మొదలుపెడతాను, షీటు వెడల్పు 27 కిలోమీటర్లకు ఒక్కో కాంటాక్ట్ మీద యాభై అరవై పాయింట్లొస్తాయి, అవి చాలు. లోయ దాటేచోట గీత వంపు తిరుగుతుంది, అక్కడ మాత్రం 200 మీటర్లకు దగ్గర చేయండి. డిప్ గురించి ఎక్కువ చెప్పేది ఆ వంపులే.

తర్వాత శాంపిల్ రాస్టర్ వాల్యూస్‌తో డీఈఎం నుంచి ఎత్తు తీయండి. ఖాళీగా వచ్చినవి, సున్నాలు, మైనస్ వేలల్లో ఉన్నవి ఏరి తీసేయండి. డీఈఎం షీటు కంటే రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువ ఉంటే అంచుల దగ్గర ఈ బాధ ఉండదు.

డిప్, స్ట్రైక్: ఇక్కడ ఒక్క పాయింటు చేత్తో లెక్కకట్టండి

మ్యాపులో ఒక కొలత ఇలా ఉందనుకోండి: స్ట్రైక్ ఉత్తరానికి పడమరగా 65 డిగ్రీలు, డిప్ 14 డిగ్రీలు ఈశాన్యానికి. సాఫ్ట్‌వేర్ అడిగేది స్ట్రైక్ కాదు, పొర వాలిన దిక్కు, అంటే అజిమత్. 360 లోంచి 65 తీస్తే స్ట్రైక్ 295. దానికి 90 కలిపితే 385, అందులో 360 తీస్తే 25. ఉత్తరం నుంచి తూర్పుకు 25 డిగ్రీలు, ఈశాన్యం వైపే ఉంది కాబట్టి సరే.

అయితే అదే స్ట్రైక్‌ను ఇంకొకరు 115 అని రాసి ఉంటారు, అదీ తప్పు కాదు, ఎందుకంటే గీతకు రెండు కొసలుంటాయి. దానికి గుడ్డిగా 90 కలిపితే 205 వస్తుంది, అంటే పొర నైరుతికి వాలినట్టు. కడప బేసిన్ మొత్తం తిరగబడుతుంది. కాబట్టి ఫార్ములా మొత్తం కాలమ్‌కు వేసే ముందు డిప్ దిక్కు కాలమ్‌తో పోల్చండి. ఫార్ములా వేశాక అజిమత్‌ను బాణం గుర్తుతో మ్యాపు మీద చూపించండి. మన షీటులో బాణాలు ఉత్తరం, ఈశాన్యం వైపు చూడాలి. ఒకటి రెండు నైరుతికి తిరిగి ఉంటే ముందు ఆ వరస తెరిచి చూడండి.

ఇంకో పరీక్ష లోయలు. పొర వాగు పారే దిక్కుకే వాలి, వాగు వాలు కంటే ఏటవాలుగా ఉంటే కాంటాక్ట్ గీత లోయలో కిందివైపుకు మొన తిరుగుతుంది. మ్యాపులో మొన ఎటుందో, బాణం ఎటుందో కలవాలి.

పోలారిటీ (పొర నిటారుగా ఉందా, తిరగబడిందా చెప్పేది) కాలమ్‌లో అన్నిటికీ 1 పెట్టండి, ఈ ప్రాంతంలో తిరగబడిన పొరలు లేవు. నల్లమల వైపు వెళ్తే ఇంత తేలిగ్గా పెట్టలేరు.

దిగుమతి

రెండు సీఎస్‌వీలు (పట్టిక ఫైళ్ళు) తయారవ్వాలి. మొదటిదాంట్లో ఎక్స్, వై, జెడ్, పొర పేరు. రెండోదాంట్లో ఎక్స్, వై, జెడ్, అజిమత్, డిప్, పోలారిటీ, పొర పేరు. రెండింటిలోనూ పొర పేర్లు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి.

జెమ్‌పై ఉచితం, పైథాన్‌తో నడుస్తుంది. కాలమ్ పేర్లు వెర్షన్‌ను బట్టి కొంచెం మారతాయి, మీ దగ్గరున్న వెర్షన్ ఉదాహరణ ఫైలు తెరిచి అచ్చం అలాగే పెట్టుకోండి. ఒక్కో పొరకు కనీసం రెండు పాయింట్లు, ఒక్కో వరసకు (పొరల గుంపుకు) కనీసం ఒక డిప్ కొలత లేనిదే అది కదలదు. పొరలను పైనుంచి కిందికి, చిన్న వయసుది ముందు పెట్టి పేర్చాలి: చిత్రావతి వరసలో తాడిపత్రి, పులివెందుల, ఆ కింద పాపాఘ్ని వరసలో వేంపల్లె, గుల్చేరు. రెండు వరసలూ విడిగా ఉంచండి, వాటి మధ్య నిక్షేపణ ఆగిన కాలం ఉంది, రెండూ ఒకే వాలుతో ఉండాలని బలవంతం చేయకూడదు. షేప్‌ఫైలు నుంచి నేరుగా ఈ పట్టికలు తీయడానికి జెమ్‌జీఐఎస్ అనే ప్యాకేజీ ఉంది, పైన చెప్పిన పని ఒకసారి చేత్తో చేశాక దాన్ని వాడండి.

లీప్‌ఫ్రాగ్ అనే ఇంకో మోడలింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్ళకు దారి కొంచెం వేరు. ముందు డీఈఎం తెచ్చి టోపోగ్రఫీ చేయాలి, తర్వాత కాంటాక్ట్ గీతలను జీఐఎస్ డేటాగా తెచ్చి టోపోగ్రఫీ మీద పరచాలి, డిప్ పట్టికను స్ట్రక్చరల్ డేటాగా ఇవ్వాలి. పాయింట్లుగా కోయాల్సిన పని తగ్గుతుంది, కానీ పేర్లు, జోన్, బాణాల పరీక్షలేవీ తగ్గవు.

మోడల్ హద్దులైన పెట్టె లోతు ఎంత ఇవ్వాలో లెక్కతో ఎంచుకోండి. 14 డిగ్రీల వాలులో కాంటాక్ట్ నుంచి డిప్ దిక్కుకు 2 కిలోమీటర్లు పోతే పొర దాదాపు 500 మీటర్ల లోతుకు దిగుతుంది. 1500 మీటర్ల లోతు పెట్టె ఇస్తే 6 కిలోమీటర్లలోనే గుల్చేరు అడుగు పెట్టె దాటిపోతుంది. షీటు మొత్తం మోడల్ చేస్తే ఈశాన్య మూలలో గ్రానైట్ కనపడకపోవడం తప్పు కాదు.

వచ్చినదాన్ని నమ్మాలా?

మొదట అదే 2 కిలోమీటర్ల, 500 మీటర్ల లెక్క మోడల్ క్రాస్‌సెక్షన్ మీద వేసి చూడండి. తర్వాత మందం. చదునైన నేల మీద ఒక పొర 1000 మీటర్ల వెడల్పున బయటపడి, 14 డిగ్రీలు వాలి ఉంటే అసలు మందం సుమారు 240 మీటర్లు. మోడల్ 600 చూపిస్తే డిప్‌లోనో, పేర్లలోనో పొరపాటుంది. అంకెలు బాగున్నా ఒక పొర మధ్యలో ఉబ్బి, పక్కనే సన్నబడుతుంటే ఆ చుట్టుపక్కల డిప్ కొలతలు ఒకదానితో ఒకటి గొడవపడుతున్నాయని అర్థం, అన్నీ తీసేసి ఒక్కొక్కటిగా మళ్ళీ కలుపుతూ ఏది తేడా చేస్తోందో పట్టుకోండి.

ఆఖరి పరీక్ష మోడల్‌ను మళ్ళీ మ్యాపుగా మార్చడం. టోపోగ్రఫీతో కోసి, నేల మీద ఏ పొర పడుతుందో రాస్టర్‌గా తీసి, క్యూజీఐఎస్‌లో అసలు పాలిగాన్‌ల కింద పెట్టండి. గీతలు 25, 50 మీటర్లు తేడాగా ఉంటే అది మ్యాపు స్కేలుకు లోబడినదే. ఒకచోట 300 మీటర్లు తప్పితే, ముఖ్యంగా ఒండ్రు కింద దాగిన భాగంలో, అక్కడ డేటాను సర్ది మోడల్‌ను బలవంతంగా కలపకండి. ఆ చోటుకు దగ్గర్లో రాయి బయటపడిన గుట్ట ఏదైనా ఉందేమో శాటిలైట్ చిత్రంలో వెతికి, దాని కోఆర్డినేట్లు ఫోన్లో వేసుకుని, ఈసారి ఫీల్డుకు వెళ్ళినప్పుడు అక్కడ ఒక డిప్ కొలత తీసుకురండి.